నాలుగు వేల పన్నెండు

బ్ర్నోలో ఆఖరి ట్రామ్ వెళ్లిపోయింది.
బోహ్దానా ఇంకా లెక్క చూస్తూనే ఉంది.
నాలుగు వేల పన్నెండు సాకెట్లు,
అన్నిటిదీ ఒకటే కథ:
అవతలివాళ్లు సెలవు చెప్పి వెళ్లారు,
కెర్నెల్ మర్యాదకి "అందింది" అంది,
ఇవతలి ప్రోగ్రాము మాత్రం తలుపు మూయడం మరిచింది.

తనంతట తాను తెంచదు కెర్నెల్.
ఒక్కోదానికీ ఓ అంకె, ఓ బఫరు, కాసింత చోటు,
కిక్కురుమనకుండా మోస్తుంది.

అమ్మమ్మ వ్లాస్తా టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు.
బోర్డు మీద దీపం ఆరినా
వెంటనే తాడు పీకేది కాదట.
"పెట్టేశాకే కదే, అసలు మాట గుర్తొచ్చేది!"
అందుకు సూపర్‌వైజరుతో చీవాట్లు, రెండుసార్లు జీతం కోత.

కెర్నెల్‌కీ ఆ బుద్ధి ఉంది.
తానే ముందు సెలవు చెప్పిన చోట
అరవై సెకన్లు ఆగుతుంది,
దారి తప్పిన ప్యాకెట్ ఏదైనా
ఆలస్యంగా వచ్చి
కొత్తవాళ్ల మాటల్లో పడకుండా.

ఇవి అరవై సెకన్లవి కావు.
పదకొండు రోజులవి.

రెండు వందల ఏడో లైను.
పొరపాటు జరిగితే మూయకుండానే వెనక్కి తిరిగే దారి.
రాసింది తనే, నిరుడు, జ్వరంలో.

దిద్దింది. పాత ప్రోగ్రామును చంపింది.
చచ్చినవాడి అప్పులు తీర్చినట్టు
కెర్నెల్ ఒక్కో తలుపూ మూసుకుంటూ
నాలుగు వేల పన్నెండు మందికీ సెలవు చెప్పింది.
వినడానికి అటు చాలామంది లేరు.
అయినా చెప్పింది.

సున్నా.

బోహ్దానా లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి
మూయలేదు,
కాసేపు.