అమ్మకానికి కానిది

ఉలాన్‌బాతర్‌లో, నారన్‌తూల్ బజారులో,
ఇనుప కంటెయినర్ల వరుసలో మూడోది నా కొట్టు.
బయట మైనస్ ముప్పై ఒకటి.
తలుపు తీసినప్పుడల్లా తెల్లటి ఆవిరి ముందు వస్తుంది,
గిరాకీ ముఖం కాసేపటికి గాని కనపడదు.

అతని చెయ్యి ముందు కనపడింది.
దేల్ కోటు మడతలోంచి ఒక చచ్చిన మౌస్‌ని
తోక పట్టుకుని తీసి బల్ల మీద పెట్టాడు.
"నొక్కేది ఒకసారి, పేలేది రెండుసార్లు.
నిన్న రాత్రి గోడ వెనక దాక్కున్నవాణ్ణి
నేనే తట్టి లేపినట్టయింది."

పేరు తుమెన్‌ఓల్జి. బొగ్గు లారీ తోలతాడు.
దక్షిణాన సరిహద్దు దగ్గర మూడేసి రోజులు క్యూలో ఉండి
తిరిగొచ్చిన రాత్రి నిద్రపోడట,
ఆడతాడట.
ఉంగరపు వేలు సగమే ఉంది.
ఏ చలికి పోయిందో అడగలేదు,
అడక్కుండా ఉండడానికి స్క్రూలు విప్పాను.

లోపల గోరంత రాగి రేకు,
లక్షల చిటికెలు వేసి వేసి
తిరిగి లేవడం మరిచిపోయింది.
చక్రం పళ్ళ మధ్య బొగ్గు నుసి,
ఒక గొర్రె బొచ్చు పోగు.

చూడు మరి, అని పెట్టెలు దించాను.
ఏడు రంగుల్లో వెలిగేదాన్ని
"పెళ్ళి కారులా ఉంది" అని పక్కన పెట్టాడు.
తేనెపట్టులా బొక్కలున్నది పిచ్చుకంత తేలిక,
కానీ ఆ బొక్కలు బొగ్గుకి తలుపులు.
ఒకదాని వీపు మరీ ఎత్తు, అరచెయ్యి ఒంటెక్కినట్టుందట.
ఒకదాని తీగ చలికి కట్టెలా బిగుసుకుంది.
పక్కల రబ్బరు అతికించినదాన్ని నేనే వద్దన్నాను:
ఏడాదికల్లా జిగురై వేలికి అంటుకుంటుంది.
అలాంటివి నలభై అమ్మాను పోయినేడు,
తిరిగొచ్చి తిట్టింది మాత్రం ముగ్గురే.

పెట్టె మీది అంకెలు చదవబోతే చాలన్నాడు.
కళ్ళు మూసుకున్నాడు.
మాలో షాగై ఎముక మీటేవాళ్ళు
గురి చూసేముందు దాన్ని వేళ్ళ మధ్య
ఊరికే కాసేపు ఉండనిస్తారు.
అలా.
చెయ్యి తిరిగినవాడని అప్పుడు తెలిసింది.
ఉడుంపట్టు లేదు, మణికట్టు బల్లకి ఆనీ ఆనకుండా,
సగం వేలు మాత్రం తనకో చోటు కోసం
అంచు పొడవునా తడుముకుంటోంది.

ఇది కాదు. ఇదీ కాదు.
కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి
నా లెక్కల కంప్యూటరు ముందున్నదాన్ని పట్టుకున్నాడు.
బూడిద రంగుది. కంపెనీ పేరు చెరిగిపోయింది.
నాలుగేళ్ళు నా అరచెయ్యి నూరి నూరి
గులకరాయంత నున్నగా చేసినది.
"ఇది."

"అది అమ్మకానికి కాదు."

"తెలుసు," అన్నాడు. వదల్లేదు.

నాదేం ఎముక లేని చెయ్యి కాదు.
కొత్తదాని ధరే చెప్పాను, ఒక్క తుగ్రిక్ తగ్గకుండా.
సగం ఇప్పుడు, సగం మళ్ళీ లారీ వచ్చినప్పుడు, అన్నాడు.
తీగ చుట్టి కోటు లోపల, గుండె పక్కన పెట్టుకున్నాడు,
చలికి ప్లాస్టిక్ పెళుసవుతుందని.
వదిలేసి వెళ్ళిన పాతదాన్ని
పారేయమనీ లేదు, ఉంచమనీ లేదు.

సాయంత్రం దానికి కొత్త రేకు వేశాను.
కుడి పక్కన ఒక చిన్న గుంట,
సగం వేలు ఏళ్ళ తరబడి రాసి రాసి చేసుకున్నది.
నా నిండు వేలు అందులో పట్టదు,
మడిస్తే పడుతుంది.

మడిచే కూడుతున్నాను ఈ నెల లెక్కలు.
రెండుసార్లు పేలడం పోయింది.
బొటనవేలి మొదట్లో కొంచెం నొప్పి.
చుట్టూ అరల నిండా కొత్తవి,
ఒక్కదాని సీలూ తీయబుద్ధి కావడం లేదు.