చివరి అంకె

రాజీనామా కాయితం ఇచ్చిన రోజు
హన్మకొండ చౌరస్తాల ఒకటే వాన.
పద్నాలుగేండ్ల కంపెనీ బ్యాగు వాపస్ చేసి
స్క్రూడ్రైవర్లు మాత్రం నావేనని తెచ్చుకున్న
పాత లుంగీ ముక్కల చుట్టి.

ఒకటో తారీఖు ఫోను టింగుమనదని తెల్సు.
తెల్సినా ఆ పొద్దు రెండుసార్లు తీసి చూసిన.
స్రవంతి చూసీ చూడనట్టు
బియ్యంల రాళ్లు ఏరింది.

కాశిబుగ్గల పది ఫీట్ల మడిగె.
అడ్వాన్సుకు పీఎఫ్ పైసలు.
బోర్డు రాసిన ఓదెలు
ముత్యాలల యావత్తు మింగి 'ముతాల' చేసిండు,
'ముతాల కాంటల రిపేరు'.
దిద్దిస్త దిద్దిస్త అనుకుంటనే మూడేండ్లాయె.

కాంట అంటే అందరికి పైన అంకెలే కనబడతయి.
నాకు కిందున్న లోడ్‌సెల్లు,
వేలెడంత ఇనుము.
బరువు పడితే వెంట్రుకల వెయ్యోవంతు వంగుతది,
దించంగనే మళ్ల నిటారు.
ఆ కొంచెం వంగుడే తూకం.

మిర్చి సీజన్ల ఎనుమాముల యార్డు,
ఎర్రటి కుప్పల నడుమ తుమ్ముకుంట,
కండ్లు మోచేతితోని తుడుసుకుంట
ఒక్క పొద్దుల తొమ్మిది కాంటలు చూసిన.
జేబునిండ నలిగిన నోట్లు.
రాత్రి లెక్కపెడితే వేళ్లు మండినై.
ఇసొంటి మంట జీతంల ఎన్నడెరుగ.

ఆషాఢంల మడిగెకు వచ్చినవి రెండే:
ఒక పిల్లి, ఒక కరెంటు బిల్లు.

జ్వరమొస్తే సెలవు చీటి ఎవనికి రాయాలె?
నాకు నేనే మేనేజర్ని.
వీడు ఆ కంపెనీ మేనేజరు కన్న కచ్చితం,
రాత్రి రెండింటికి లేపి లెక్కలడుగుతడు.
బీరువల కమ్మల డబ్బా తేలికైంది.
ఆ బరువు నాకు కాంట లేకుండనే తెల్సు.

ఇగ సదానందం సేటు సంగతి.
చాయ్ చెప్పి, తలుపు దగ్గరికేసి
'క్వింటాలుకు కిలోన్నర...
నీకు తెల్వని పనా' అన్నడు.

నౌకరిల ఉన్నప్పుడు ఇదే మాట ఇంటే
'కంపెనీ ఒప్పుకోదు సేటూ' అని
నవ్వుకుంట బయటపడేటోన్ని.
పద్నాలుగేండ్లు నా నిజాయితీ
కంపెనీ ఖాతాలనే జమైంది.
ఇప్పుడు అడ్డం పెట్టుకోను ఎవరు లేరు.
నోరు తెరిస్తే నేనే.

చాయ్ మీద మీగడ కట్టింది.
'నాతోని కాదు' అన్న.
ఆ గొంతు ఎవరిదని నేనే ఇటు అటు చూసిన.

ఆయనయి పన్నెండు కాంటలు.
పన్నెండు పొయినై.
ఆయన తమ్మునియి మూడు, అవి గూడ.

మడిగెకొచ్చి షట్టరు సగం దించి కూసున్న.
గర్వమేం గాలే, అబద్ధం ఎందుకు,
హాసిని బడి ఫీజు రెండో కిస్తే మతికొచ్చింది.

పొద్దుగూకినంక హమాలీ యాకయ్య వచ్చిండు.
బాగుచేసిన పెద్ద కాంట మీదికెక్కి
'దినాం బస్తాలు తూపిచ్చుడే గని
నేనెంతనో ఎన్నడు చూస్కోలే' అన్నడు.
యాభై మూడు.
'గింతేనా!'
దిగిండు, తలరుమాలు బిగించి కట్టుకున్నడు,
మళ్ల ఎక్కి చూసుకున్నడు.

ఆయన పోయినంక నేనెక్కిన.
అరవై ఎనిమిది కిలోల
రెండు వందల ఇరవై గ్రాములు.
ఇరవై, ముప్పై, మళ్ల ఇరవై,
ఆ చివరంకె నిలబడతలేదు.
దిగి లోడ్‌సెల్లు చూసిన, వైర్లు చూసిన,
నాలుగు మూలల బోల్టులు బిగించిన,
ఇరవై కిలోల గుండు పెట్టిన. కదలకుంట చూపింది.
మళ్ల నేనెక్కిన. మళ్ల ఊగింది.
ఊపిరి బిగపట్టిన,
ఆగింది.
ఎంతసేపని బిగపడ్త?

ఫోను మోగింది.
పరకాల కాడి పత్తి మిల్లాయన,
పైన ఏం పెట్టకున్నా
కాంట సున్నకొస్తలేదట.
బండిల పెట్రోలెంతున్నదో చూడకుంటనే
'వస్తున్న' అన్న.