చిత్తుకాగితాలు

బజ్జీల పొట్లం విప్పితే
లోపల మొహం ఉంది.
నూనె తాగి అద్దమైపోయిన కాగితంలో
మొహం కింద పన్నెండు అంకెలు,
తండ్రి పేరు మీద
శనగపిండి పలుకొకటి.

కాగితం నాదే.
ఎడమ అంచున సన్నటి నల్లగీత,
మా జిరాక్సు మిషను డ్రమ్ముకి పడ్డ గాటు.
గుంటూరు మొత్తం మీద
అలాంటి గీత ఇంకెవరికీ పడదు.

బ్రాడీపేట నాలుగో లైన్లో
మెట్లకింద ఆరడుగుల కొట్టు నాది.
వంకరగా వచ్చినవీ, మసగ్గా వచ్చినవీ
అట్టపెట్టెలో పడేసేదాన్ని.
నెలాఖరుకి కిలో పద్నాలుగు లెక్కన
పాతపేపర్ల సుబ్బారాయుడు తూచుకుపోయేవాడు.
తూకంలో నేనెన్నడూ మోసపోలేదు,
అదీ నా గొప్ప.

ఆ మొహం ఇస్త్రీ బండి యేసోబుది.
పేటలో అందరి చొక్కా జేబుల్లో మిగిలిన నోట్లు
మడత నలక్కుండా తిరిగిచ్చే మనిషి.
ఆయన జేబుని నేను
నడిబజార్లో తిరగేశాను.

బజ్జీ తిన్నావా అంటే తిన్నాను.
ఆకలి మీద ఉన్నాను మరి.
కాగితాన్ని మాత్రం పదహారు ముక్కలు చేసి
నాలుగు ఒక చోటా, నాలుగు ఒక చోటా పారేశాను,
దొంగలా.

మర్నాడు కౌంటరుకి తాడేసి కత్తెర కట్టాను.
"ఏంటక్కా, దర్జీ కొట్టు పెట్టావా?" అన్నారు కోచింగు పిల్లలు.
కాగితానికైతే కత్తెర ఉంది.
ఫోనుకేం కట్టను?

"అక్కా, వాట్సాపులో పెట్టా, రెండు కాపీలు!"
పెడతారు, తీసుకుంటారు, వెళ్ళిపోతారు.
పెట్టింది వెళ్ళదు.
బ్యాంకు పుస్తకాలు, చక్కెర పరీక్షలు,
ఒకావిడ మూడోనెల స్కానింగు,
ఇంట్లో ఇంకా చెప్పని విడాకుల నోటీసు.
వాళ్ళెదురుపడితే
కూరగాయల ధర గురించి మాట్లాడతాను.

మొన్న హెల్మెట్టన్నా తీయకుండా ఒకడొచ్చాడు.
"ఇందాక నర్సింగు హాల్‌టికెట్టు తీయించుకుందే,
ఆ అమ్మాయి నెంబరు చెప్పక్కా. మా చుట్టాలే."
గాజుపలక మీద ఐదొందల నోటు.
"చుట్టాలైతే ఇంటికే వెళ్ళు నాయనా,
కాఫీ కూడా ఇస్తారు."
నవ్వాడు. తరవాత నవ్వలేదు.
బయటికెళ్ళి నా బోర్డు మీది నెంబర్ని ఫోటో తీసుకున్నాడు.
రాత్రి పదకొండు దాటితే ఇప్పుడు
నా ఫోను ఒక్కసారి మోగి ఆగుతుంది.
మా ఆయన అటు తిరిగి పడుకుని
ఎవరని అడగడు. అడిగితే బాగుండును.

మా అమ్మ యార్డు పక్క కోల్డ్‌స్టోరేజీల్లో
ముప్పయ్యేళ్ళు మిర్చి తొడిమలు తీసింది.
వేళ్ళమీది గీతల్ని మిరపకాయలు తినేశాయి.
రేషను మిషను మీద ఏ వేలు పెట్టినా
ముద్ర సరిపోలేదంటుంది.
"నిన్నెవడూ దొంగిలించలేడే అమ్మా" అన్నాను.
"దొంగ సంగతి సరే,
బియ్యం కూడా రావట్లేదు కదే" అంది,
ఊడని ఘాటుకి దగ్గుతూ.

రోజూ షట్టరు సగం దించి
స్టూలు మీద కూచుంటాను.
ఒక్కొక్క ఫోటో మీద వేలు పెట్టి నొక్కితే
నీ వరకే తీసేయనా అంటుంది ఫోను.
నా వరకే.
దాని చేతిలో అంతే ఉంది, నా చేతిలోనూ.
మిషను లోపల ఇంకెక్కడ దాగుంటాయో
పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పాలి.
వార్డంతా ఖాళీ అయ్యేసరికి
బొటనవేలు తిమ్మిరెక్కుతుంది.

యేసోబుకి చెప్పాలా వద్దా అని
తొమ్మిది రోజులు చీర ఇస్త్రీకి వేయలేదు.
పదోరోజు చెప్పాను.
పొట్లం సంగతీ, సుబ్బారాయుడి సంగతీ,
నా పద్నాలుగు రూపాయల సంగతీ.
ఆయన ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు.
బొగ్గుల మీది బూడిద ఊదాడు.
చాలాసేపటికి,

"ఫోటో బాగా పడిందామ్మా?" అన్నాడు.