మూడోది

పోటు తిరిగే వేళ, భైరవపాలెం పాయలో
వల విసిరి విసిరి భుజం పీకుతోంది.
బుట్టలో మూడంటే మూడు కొయ్యింగలు,
అందులో ఒకటి అరచెయ్యంత లేదు.

మడ వేళ్ల మధ్య ఏదో మసిలింది.
ధనకొండ మావ అనుకున్నా.
బీడీ వాసన రాలేదు.

బావురుపిల్లి.
ముంగాలు ఒకటి నీళ్లలో ముంచి
నాలాగే, నీటికేసి చూస్తూ.

"ఏమన్నా పడ్డాయా?" అనబోయి
నాలిక కరుచుకున్నా.
తలెత్తింది.
నా తలలైటు దాని కళ్లలో
రెండై పచ్చగా వెలిగింది.

ఎంతసేపో తెలీదు.
ఆటు లాగేసి, దోనె బురదలో కూచుంది.

ఇంటికాడ బుట్ట వంచి నూకాలు అడిగింది:
"రాత్రంతా చేసి రెండేనా?"

మూడోది ఎవరికిచ్చానో చెబితే నమ్మదు.
ఇచ్చానో, అదే పట్టుకుపోయిందో
నాకూ సరిగ్గా తెలీదు.