ఒకే జేబులో

ఫాతిమానగర్ గుడిలో ఐదు గంటలు కొట్టేసరికి
శౌరమ్మ నాయనమ్మ జపమాల సగం దాటేది.
ఏడింటికి వరి పరిశోధన మడిలో,
పిక్కల లోతు బురదలో, కొంగు దోపి,
ఉల్లికోడు పట్టిన పిలకల్ని లెక్కపెడుతూ.

పూసలైనా పిలకలైనా పెదవులు ఒకేలా కదిలేవి.
ఏది ప్రార్థనో ఏది లెక్కో
పక్కనే నడిచే కూలి సమ్మక్కకూ తెలిసేది కాదు.

"ఆ పురుగును గూడ దేవుడే చేసిండు గద,
ఎందుకు చంపుతవ్?" అన్నాను తొమ్మిదేళ్ళప్పుడు.
"చంపుత లేను బిడ్డా,
వరికి ఓర్చుకునుడు నేర్పుతున్న."

ఆ ఓర్పు గింజ కట్టడానికి పదకొండేళ్ళు.
ఆ విత్తనానికి పేరు లేదు, ఒక నంబరు.
ఇంట్లో మాత్రం మేం ఇరవై ముగ్గురం
ఆమె ఒక్క దగ్గుకి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం,
అన్నం చల్లారిపోతున్నా.

దీపపు ఎర చూడబోయి ఒక ఆదివారం పూజ తప్పిందట.
పాపసంకీర్తనంలో చెప్పుకుంటే
ఫాదర్ ఇన్నయ్య అడిగారట:
"ఎన్ని పడ్డయమ్మా?"

నిన్న ఆమె తెల్లకోటు ఉతకబోయాను.
ఒకే జేబులో భూతద్దం, జపమాల,
కాగితంలో మడిచిన ఏడు వడ్లు.

జపమాలలో ఒక పూస తక్కువ.
మూడుసార్లు లెక్కపెట్టాను.
ఆమెకైతే ఒక్కసారి చాలేది.