ఆగితే కాగుతుంది

కదులుతున్నంతసేపూ ఏ గొడవా లేదు.
ఆగితేనే కాగుతుంది.
రికోతి కనుమ ఎక్కేటప్పుడు గాలి దానంతటదే వచ్చి
రేడియేటరుని తడిమి పోతుంది.
సొరంగం ముందు ట్రక్కుల వెనక పది నిమిషాలు నిలబెట్టామా,
ముల్లు లేస్తుంది.
తొంభై. నూట అయిదు. ఆ పైన ఎర్రగీత.
వెనక సీట్లో సురామి రొట్టెలు,
వాటి దాల్చినచెక్క వాసనలోకి
ఇంకో తియ్యటి వాసన దూరుతుంది,
కాగిన ఆకుపచ్చ నీళ్ళది.

ఇదంతా జుంబర్ చేసిన పనే అనను.
సగం అంటాను.

జూలైలో, మా జెస్తఫోని పెరట్లో, ద్రాక్షపందిరి కింద
ఓపెల్‌ని దుంగల మీదికి ఎక్కించి
"ఈ సరంజామా జర్మన్లకి, లామారా, మనకెందుకు?
పాపం ఇంజను ముక్కు మూసుకుని బతుకుతోంది" అన్నాడు.
గాలి పంపు తీశాడు, దాని బెల్టు తీశాడు.
పొగని మళ్ళీ లోపలికే తాగించే వాల్వు పీకి
ఆ కంతకి
వాళ్ళ నాన్న మోస్క్విచ్ నంబరు ప్లేటు ముక్క కోసి బిగించాడు.
పెట్రోలు ఆవిరి దాచుకునే బొగ్గు డబ్బా,
సన్న రబ్బరు గొట్టాలు బోలెడు,
కోడిపేగుల్లా నా బట్టలుతికే తొట్టిలో కుప్పపోశాడు.
ఆఖర్న కింద పడుకుని రంపంతో
క్యాటలిస్టు కోశాడు.
లోపల బూడిదరంగు తేనెపట్టు,
ఏ ఈగా ఎన్నడూ వాలనిది.
కొనేవాడు చీకటి పడకముందే తక్కెడతో వచ్చాడు.

నేను అడ్డు చెప్పలేదు.
ఫ్యాక్టరీ ధూళికి కిటికీలో మంచు నల్లబడే ఊళ్ళో
ఒక్క ఓపెల్ పొగని లెక్కపెట్టేదెవరు?
అప్పుడది సబబైన మాటలాగే ఉంది.

సెప్టెంబరులో ఫ్యాను మొరాయించింది.
ఫ్యూజు చూశాడు, బాగుంది.
రిలే టిక్కుమంది.
రేడియేటరు అడుగున స్విచ్చి ప్లగ్గు ఊడదీసి
నా జడపిన్నుతో రెండు తీగలూ కలిపాడు.
ఉలుకూ లేదు పలుకూ లేదు.
బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు లాగి తాకిస్తే మాత్రం
గిర్రున తిరిగి అతని టోపీ ఎగరగొట్టింది.
"మోటారు బతికే ఉంది, కరెంటూ వస్తోంది,
మరి దీనికేం రోగం?
రుస్తావి సంతలో కొత్తది కొనాల్సిందే" అని
చేతులు తుడుచుకున్నాడు.

నేను ఇరవయ్యారేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
తీగలు చిక్కుతీసినదాన్ని.
"వచ్చిన కరెంటు ఎటు పోతోంది, జుంబర్?"
అన్నాను.
రావడం అందరూ చూస్తారు.
ఫ్యాను దగ్గర గోధుమరంగు తీగ పట్టుకుని
వేలితో వెతుక్కుంటూ పోయాను,
హెడ్‌లైటు వెనగ్గా, కిందికి, ఇంకా కిందికి.
కొసన చిన్న రాగి ఉంగరం,
ఉత్త గాలిలో వేలాడుతూ.
దాన్ని నొక్కిపట్టాల్సిన బోల్టు
గాలి పంపు బ్రాకెట్‌ది.
బ్రాకెట్టు నా తొట్టిలో ఉంది.
అంటే తీసినరోజు నుంచే.
ఆగస్టంతా మేం ఎక్కడా ఆగలేదు, అంతే.

జుంబర్ చాలాసేపు ఆకాశంలో దేన్నో చూశాడు.
ఆ తర్వాత గరుకు కాగితం వెతికి తెచ్చి
ఉంగరాన్ని తళతళలాడేదాకా రుద్దాడు,
అడక్కుండానే.
బాడీకి బిగించాం.
ఇంజను వేడెక్కేదాకా ఇద్దరం ద్రాక్షపళ్ళు తింటూ కూచున్నాం,
గింజలు ఎవరివి వాళ్ళు ఊసుకుంటూ.
టిక్కు. ఆపైన గాలి.
మోకాళ్ళకి వేడిగా తగిలింది.

తొట్టిని ఇంకా ఖాళీ చెయ్యలేదు.
బట్టలు బకెట్లో ఉతుక్కుంటున్నాను.

నిన్న సొరంగం ముందు మళ్ళీ వరస.
ముల్లు తొంభై దగ్గర కాసేపు ఆలోచించి
దిగింది.
ఫ్యాను చప్పుడు ఎంత హాయిగా ఉందంటే
రేడియో కట్టేశాను.
వెనక తెల్లకారులో, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న ఆమె
నా పొగగొట్టం వైపు ఒకసారి చూసి
అద్దం పైకెత్తుకుంది.
వరస కదల్లేదు.
ఆమెని నా అద్దంలో చూస్తూ,
ఇంజను కట్టేయనా వద్దా అని.