శుక్రవారం వేపుడు

బ్యారేజీ గేట్లన్నీ దించేశారు.
ఎగువన కృష్ణ చెరువులా కూచుంది.
సీతానగరం రేవులో నాంచారమ్మ
పెనం బోర్లించబోతూ ఆగింది:
"ఇవాళ శుక్రవారం గదా, ఎవరొస్తారనుకున్నా."

మేమొచ్చాం.

జెల్లలు లేవు. గుప్పెడు పరిగెలు,
ఒక శీలావతి తోక ముక్క.
కారం, ఉప్పు, అల్లం, నీళ్ల చింతపండు
చాలు, ఇంకేమీ వెయ్యనంది.
పెనం చుయ్యిమంది.
కరివేపాకు ఎగిరి సుభాషిణి ఒళ్లో పడింది,
పొద్దున దీపం పెట్టిన చీరే అది.

ముల్లు తీసుకుంటూ అంది:
"మీ అమ్మతో పునుగులు తిన్నామని చెప్పు."

ఏటి ఇసుకతో తోముకున్నాం చేతులు,
నిమ్మచెక్కతో మళ్లీ.

కృష్ణలంక సందు మలుపులో
ఎవరిదో పిల్లి లేచింది.
తోక నిలబెట్టుకుని
మా వెనకే, గుమ్మందాకా.

అమ్మ తలుపు తీసి
ముందు పిల్లిని చూసింది.